చింతచెట్టు చమ్గాదడ్‌లు, ఇబ్నె ఫిర్నాస్ తోక

మా అబ్బా గోరీ ఉన్న ఖబ్రస్తాన్‌కు నేను ఎక్కువగా జుమ్మా రోజు అసర్ నమాజ్ తర్వాత వెళ్తాను. ఫాతెహా చదువుకుని, గోరీ మీద మొలిచిన గడ్డి పీకేసి, మగ్రిబ్ అజాన్ దాకా అక్కడే కూర్చుంటాను. మాది రాయలసీమలో ఒక చిన్న పట్టణం. ఆ ఖబ్రస్తాన్‌లో ఒక పాత గుంబద్, నడుమ ఒక పెద్ద చింతచెట్టు ఉన్నాయి. ఒకప్పుడు రెండు చింతచెట్లు ఉండేవి. రెండోది ఏమైందో ముందు ముందు చెబుతాను. ఆ కిస్సాలో తప్పు నాది కూడా ఉంది.

మొన్నొక జుమ్మాకు మా చిన్నమ్మాయి కూడా వెంట వచ్చింది. గోడ అవతల బండి దగ్గర నిలబడి ఆకాశం చూస్తోంది. నేను బయటికి రాగానే అడిగింది.

"అబ్బా, చమ్గాదడ్ పరిందా హై క్యా, జాన్వర్ హై క్యా?"

జాన్వరే బేటా, పిల్లల్ని కని పాలిస్తుంది అన్నాను. ఆ జవాబు ఆమెకు చాల్లేదు. "మరి ఈ మూడూ చమ్గాదడ్‌లే అయితే మూడూ వేరు వేరుగా ఎందుకు ఎగురుతున్నాయి?" అంది.

అప్పుడు నేనూ తలెత్తి చూశాను. ఆమె చెప్పింది నిజం. గుంబద్ సందుల్లోంచి బయటపడ్డవి బాణాల్లా నేరుగా పైకి పోతున్నాయి, సన్నటి పొడుగాటి రెక్కలతో. చింతచెట్టు మీది పెద్దవి కాకి కంటే పెద్దగా, తొందర లేకుండా రెక్కలు ఊపుకుంటూ ఊరి బయటి తోటల వైపు సాగుతున్నాయి. గేటు దగ్గరి వీధి లైటు చుట్టూ అగ్గిపెట్టెలో పట్టేంత చిన్నవి గిర్రున తిరుగుతూ, మలుపు మీద మలుపు వేస్తూ దోమల్ని, పురుగుల్ని పట్టుకుంటున్నాయి. నలభై ఏళ్ళుగా ఆ దారిన నడిచిన నాకు ఈ ఫరఖ్ కనబడలేదు. పన్నెండేళ్ళ పిల్లకు కనబడింది.

ఆ సవాల్‌కు జవాబు వెతుక్కుంటూ పోతే అది నన్ను బస్రాకు, కుర్తుబాకు, పారిస్‌కు, అమెరికాలోని ఒక సైకిల్ దుకాణానికి తీసుకెళ్ళి, మళ్ళీ మా ఖబ్రస్తాన్‌లోనే దించింది. ఆ సఫర్ కథే ఇది.

*

ముందు నా ఖుసూర్ చెప్పుకోవాలి.

2020లో, కరోనా భయం ఇంటింటా ఉన్న రోజుల్లో, నేను మా పత్రికకు ఒక చిన్న వార్త పంపాను. ఖబ్రస్తాన్‌లో గబ్బిలాల గుంపు, స్థానికుల్లో ఆందోళన అని. రాసిందంతా నిజమే. గబ్బిలాలు ఉన్నాయి, ఆందోళనా ఉంది. కాని ఆ గబ్బిలాలు తాతల కాలం నుంచీ అక్కడే ఉన్నాయనీ, ఊళ్ళో వ్యాపించింది మనిషి నుంచి మనిషికి అంటుకునే జబ్బనీ నేను రాయలేదు. ఎవరైనా తెలిసినవాణ్ణి అడిగి ఒక మాట చేర్చలేదు. రెండేళ్ళ ముందు, 2018లో, కేరళ కోళిక్కోడ్ వైపు నిపా వచ్చినప్పటి భయం జనం మనసుల్లో ఎలాగూ ఉంది. నా వార్త దానికి కాగితం మీద ముద్ర వేసింది. పది పదిహేను రోజుల్లో ఒక చింతచెట్టు నేలకూలింది. కొట్టించిన వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు. వాళ్ళ చేతిలో నా వార్త కటింగ్ ఉంది.

కూలిన చెట్టు మీది చమ్గాదడ్‌లు కొన్ని రోజులు పగటిపూట కూడా గాల్లో తిరిగాయి. తర్వాత రెండో చెట్టు మీద సర్దుకున్నాయి. ఇప్పుడు ఆ రెండో చెట్టు మీదికి మాట వచ్చింది. కమిటీ మీటింగ్‌కు నన్నూ పిలిచారు, "నువ్వే కదా మొదట రాసింది" అని.

*

చమ్గాదడ్ అంటే మన ఇళ్ళల్లో నహూసత్ కింద లెక్క. మా దాదీ మగ్రిబ్ వేళ తల మీద దుపట్టా లేకుండా వాకిట్లోకి రానిచ్చేది కాదు, జుట్టులో చిక్కుకుంటుందని. పరిందాలకూ జాన్వర్లకూ జంగ్ జరిగినప్పుడు ఇది అటూ ఇటూ మాట మార్చిందని, అందుకే ఎవరికీ కాకుండా పోయిందని కథ కూడా చెప్పేది. ఉర్దూ మీడియం స్కూల్లో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి ఆ కథ నాకు కాస్త గుచ్చుకునేది. ముషాయిరాకు పోతే తెలుగోడని, తెలుగు సభకు పోతే సాయిబని అనిపించుకున్న రోజులున్నాయి.

కాని మన పాత ఆలిమ్‌లు దీన్ని నహూసత్ కళ్ళతో చూడలేదు. తొమ్మిదో శతాబ్దంలో బస్రాలో బతికిన అల్ జాహిజ్ తన 'కితాబుల్ హయవాన్'లో చమ్గాదడ్ గురించి శ్రద్ధగా రాశాడు. ఈక ఒక్కటీ లేకుండా ఎగురుతుందని, చెవులూ పళ్ళూ ఉన్నాయని, గుడ్డు పెట్టక పిల్లను కంటుందని, పాలిస్తుందని గమనించాడు. పూర్తి వెలుగులోనూ పూర్తి చీకట్లోనూ కాక ఆ రెండింటి నడుమ బయటికి రావడానికీ, దోమలు అదే వేళ బయటికి రావడానికీ సంబంధం ఉందన్నాడు. మా వీధి లైటు కింద జరిగే పనే అది.

హజ్రత్ అలీ ఖుత్బాలుగా పదో శతాబ్దం చివరా పదకొండో శతాబ్దం మొదలా సంకలనమైన 'నహజుల్ బలాగా'లో ఒక ఖుత్బా చమ్గాదడ్ గురించే ఉంది. దాని రెక్కను చెవి అంచుతో పోల్చడం, ఈకలు లేకపోయినా అందులో రక్తనాళాలు కనబడతాయనడం, చిరిగేంత పలచగానూ బరువయ్యేంత మందంగానూ లేదనడం అందులో ఉన్నాయి. రెక్క పలచనా బరువూ మధ్య కుదరాల్సిన హిసాబ్ అప్పుడే ఒకరికి కనబడిందన్నమాట. పద్నాలుగో శతాబ్దంలో ఈజిప్టులో అద్దమీరీ రాసిన 'హయాతుల్ హయవాన్' అనే జంతువుల నిఘంటువులోనూ చమ్గాదడ్‌కు చోటుంది.

వీళ్ళంతా రెక్క ఎలా ఉందో చూశారు. ఆ ఆకారంతో అది ఎలా ఎగురుతుందన్న సవాల్ వేరు. దానికోసం ఒకడు కొండెక్కాడు.

*

అబ్బాస్ ఇబ్నె ఫిర్నాస్ పేరు మన వాట్సాప్ గ్రూపుల్లో మీరూ చూసే ఉంటారు. రైట్ బ్రదర్స్ కంటే వెయ్యేళ్ళ ముందే ముసల్మాన్ విమానం నడిపాడు అంటూ, ఎవరో గీసిన రంగుల బొమ్మతో. ఫఖర్ పడటం తప్పు కాదు. ఫఖర్‌కు పునాది గట్టిగా ఉండాలి. అసలు మనకు తెలిసింది ఎంతో చూద్దాం.

ఇబ్నె ఫిర్నాస్ తొమ్మిదో శతాబ్దం వాడు. స్పెయిన్‌లో, అంటే అప్పటి అందలుస్‌లో, ఉమయ్యాల కుర్తుబాలో షాయర్, ఇల్మె నుజూమ్ తెలిసినవాడు, గాజు తయారీలో కొత్త దారి కనిపెట్టినవాడు. 887లో ఇంతెకాల్ అయ్యాడు. అతని ఎగురుడు కథ మనకు వివరంగా దొరికేది అల్ మఖ్ఖరీ అనే తారీఖ్ రచయిత దగ్గర. ఆయన పదిహేడో శతాబ్దం వాడు. అంటే మధ్యలో ఏడు వందల ఏళ్ళకు పైగా దూరం. అయితే కథ పూర్తిగా గాలి కబురు కాదనడానికి ఒక సబూత్ ఉంది. ఇబ్నె ఫిర్నాస్ కాలంలోనే ఉన్న మోమిన్ ఇబ్నె సయీద్ అనే దర్బారీ షాయర్ అతని ఎగురుడు మీద వెటకారంగా షేర్ చెప్పాడు. రాబందు ఈకలు తొడుక్కున్నాడని అందులో ఎత్తిపొడుపు. జరగని పని మీద ఎవరూ ఎగతాళి కట్టరు కదా.

కథలో ముఖ్యమైన భాగం చివర్లో ఉంది. ఒంటికి ఈకలు, చేతులకు రెక్కలు కట్టుకుని ఎత్తైన చోటు నుంచి దూకాడు. కొంత దూరం గాల్లో సాగాడు. దిగేటప్పుడు నడుము దెబ్బ తగిలింది. కారణం కూడా మఖ్ఖరీ రాశాడు. పరిందాలు తోక మీద ఆధారపడి దిగుతాయన్న సంగతి అతనికి తట్టలేదు, తోక పెట్టుకోలేదు అని.

మన ఫార్వర్డ్ మెసేజ్‌లు ఈ తోక సంగతి వదిలేస్తాయి. నాకు మాత్రం అతని విజయం కంటే ఈ దెబ్బే విలువైందనిపిస్తుంది. మటన్ దుకాణాల మీద తిరిగే చీల్‌ను చూడండి. చీలిన తోకను అటూ ఇటూ తిప్పుతూ దారి మార్చుకుంటుంది. దిగేటప్పుడు తోక విప్పి గాలికి అడ్డం పెట్టి వేగం తగ్గించుకుంటుంది. పైకి లేపడం రెక్క పని. తిప్పడం, నిలబెట్టడం, దించడం వేరే హునర్. మనిషి గాల్లోకి లేవడానికి పడ్డ తంటాలన్నీ ఈ రెండో పని దగ్గరే ఇరుక్కున్నాయి.

ఇస్తాంబుల్‌లో గలతా మినార్ నుంచి బోస్ఫరస్ దాటి ఎగిరాడని చెప్పే హెజార్‌ఫెన్ అహ్మద్ చెలెబీ కథ కూడా మనవాళ్ళు పంచుకుంటారు. అది పదిహేడో శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ ఒక్కడి సఫర్‌నామాలోనే ఉంది. ఒక్క గవాహీ మీద చరిత్రకారులు ఫైసలా ఇవ్వరు. మనమూ ఇవ్వకూడదు.

*

యూరప్‌లో లియోనార్డో డా విన్సీ 1505 నాటికి పక్షుల ఎగురుడు మీద ఒక చిన్న కితాబ్ రాసుకున్నాడు. ఎగిరే యంత్రం కడితే గబ్బిలం రెక్కను నమూనాగా పెట్టుకోవాలన్నది అతని ఆలోచన. ఈకల నడుమ గాలి దూరుతుంది, గబ్బిలం పొర ఒకటే ముక్క, అదే ఎముకల చట్రాన్ని కలిపి పట్టుకుంటుంది అని అతని తర్కం. కాగితం మీద ఎంత అందంగా గీసినా మనిషి కండకు ఆ రెక్కను ఆడించే తాకత్ లేదు.

ఫ్రాన్స్‌లో క్లెమాఁ అదేర్ అనే ఇంజనీర్ కండ బదులు ఆవిరి యంత్రం పెట్టాడు. అతని 'ఎయోల్' రెక్కలు అచ్చం చమ్గాదడ్ రెక్కలే. వేళ్ళలాంటి పుల్లలు, వాటి మీద గుడ్డ. 1890 అక్టోబర్ 9న అది నేల మీద నుంచి జానెడు ఎత్తు లేచి, దాదాపు 50 మీటర్లు పోయింది. దాన్ని తిప్పే పద్ధతి మాత్రం సరిగా లేదు. తర్వాత కట్టిన 'అవియోఁ 3' ఇప్పటికీ పారిస్ మ్యూజియంలో కప్పుకు వేలాడుతోంది, గబ్బిలంలాగే. విమానానికి ఫ్రెంచ్ వాళ్ళు వాడే 'అవియోఁ' అన్న మాట అదేర్ పెట్టిందే. రెక్క నిలవలేదు, పేరు నిలిచింది.

రెక్క బయటి రూపాన్ని నకలు కొట్టడం కాదు, దాని హిసాబ్ తెలుసుకోవాలని పట్టుబట్టినవాళ్ళు వేరే ఉన్నారు. ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రాన్సిస్ వెన్‌హామ్ నైలు నది మీద ప్రయాణిస్తూ పెద్ద పక్షుల్ని గమనించాడు. రెక్క ముందు అంచే ఎక్కువ పని చేస్తుందని, అందుకే వెడల్పు కంటే పొడవు ఎక్కువున్న సన్నటి రెక్కకు లాభం ఎక్కువని 1866లో చెప్పాడు. జర్మనీలో ఒట్టో లిలియన్‌థాల్ కొంగల రెక్కల్ని కొలిచి, రెక్క చదునుగా కాక పైకి కొద్దిగా వంపు తిరిగి ఉంటేనే గాలి బాగా ఎత్తుతుందని చూపించి 1889లో పుస్తకం అచ్చు వేశాడు. 1891 నుంచి తానే రెక్కలు కట్టుకుని సుమారు రెండు వేలసార్లు దూకాడు. తిప్పడానికి అతనికున్న దారి ఒక్కటే, గాల్లో వేలాడే తన ఒంటిని అటూ ఇటూ ఊపడం. 1896 ఆగస్ట్‌లో గాలి ఎదురు కొట్టింది, ఒళ్ళు ఊపినా రెక్క తిరగలేదు. పడి, మరుసటి రోజు పోయాడు. ఇబ్నె ఫిర్నాస్‌కు తగిలిన దెబ్బే, వెయ్యేళ్ళ తర్వాత ప్రాణం తీసింది.

ఆ మరణం రైట్ సోదరుల్ని ఆలోచనలో పడేసింది. డేటన్ పట్టణంలో వాళ్ళది సైకిల్ దుకాణం. 1901లో వాళ్ళ గ్లైడర్ రెక్క పొడవు 22 అడుగులు, వెడల్పు 7 అడుగులు. లెక్క ప్రకారం లేవాల్సినంత లేవలేదు. ఊరికి తిరిగొచ్చి ఒక చెక్కపెట్టెలో గాలి సొరంగం చేశారు. సైకిల్ చువ్వలు, రంపం బ్లేడు ముక్కలతో తక్కెడ కట్టి, రేకుతో కోసిన సుమారు రెండు వందల రెక్క ఆకారాల్ని అందులో పరీక్షించారు. 1902 గ్లైడర్ రెక్క పొడవు 32 అడుగులు, వెడల్పు 5 అడుగులు అయింది. పొడవుకు వెడల్పుకు ఉన్న నిష్పత్తి మూడు నుంచి ఆరుకు మించింది. ఎగురుడు మారిపోయింది. తిప్పడానికి వాళ్ళు తోకను మాత్రమే నమ్ముకోలేదు. పక్షులు రెక్క కొసల్ని మెలితిప్పి ఒరగడం చూసి, తీగలతో రెక్కనే మెలితిప్పే ఏర్పాటు చేశారు. 1903 డిసెంబర్ 17న మొదటి ఎగురుడు 12 సెకన్లు, 120 అడుగులు.

*

ఇప్పుడు మా అమ్మాయి సవాల్‌కు రావచ్చు.

రెక్క మీద రెండు లెక్కలు చాలా సంగతులు చెబుతాయి. ఒకటి, ఒంటి బరువును రెక్క వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. అది ఎక్కువైతే గాల్లో నిలబడాలంటే వేగంగా పోవాలి. తక్కువైతే నెమ్మదిగా, కొద్ది జాగాలో ఎగరొచ్చు. రెండోది, పైన చెప్పిన పొడవు వెడల్పుల నిష్పత్తి. సన్నటి పొడుగాటి రెక్కకు గాల్లో ఖర్చు తక్కువ. పొట్టి వెడల్పు రెక్కకు మలుపు తేలిక, ఎగురుతూ పోయే ఖర్చు ఎక్కువ. దక్షిణ సముద్రాల మీద తిరిగే ఆల్బట్రాస్‌కు మూడు మీటర్లు దాటిన సన్నటి రెక్కలు. గంటల తరబడి రెక్క ఊపకుండా గాలి మీద జారుతుంది. మన నాటుకోడికి పొట్టి గుండ్రటి రెక్కలు. కుక్క తరిమితే ఒక్క ఉదుటున గోడెక్కుతుంది, అంతకు మించి దూరం పోలేదు. చీల్, గిధ్‌ల రెక్కలు వెడల్పు. కొసన ఈకలు వేళ్ళలా విడివడి ఉంటాయి. నేల మీది నుంచి లేచే వేడిగాలిని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. అబాబీల్ రెక్క కొడవలిలా వంగి సన్నగా ఉంటుంది. దాని బతుకంతా గాల్లోనే.

చమ్గాదడ్‌లలో 1,400కు పైగా జాతులున్నాయి. వాటి రెక్కల్ని ఈ రెండు లెక్కలతో కొలిచి, ఏ రెక్క ఏ రకం తిండికి, ఏ చోటికి సరిపోతుందో ఉల్లా నోర్‌బెర్గ్, జెరెమీ రేనర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1987లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో పెద్ద పరిశోధన అచ్చువేశారు. ఆ దృష్టితో చూస్తే మా ఖబ్రస్తాన్‌ మీది మూడు రకాలూ అర్థమవుతాయి.

గుంబద్‌లో ఉండేవాటి జాతికి ఇంగ్లీష్‌లో పేరే 'టూంబ్ బ్యాట్', అంటే గోరీల గబ్బిలం. నెపోలియన్ ఫౌజ్‌తో ఈజిప్టుకు పోయిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాఫ్రువా సెంతిలేర్ పెట్టిన లాటిన్ పేరుకూ అదే అర్థం. మన దక్కన్ పాత కోటల్లో, గుంబద్‌లలో ఇవి ఉంటాయి. సన్నటి పొడుగాటి రెక్కలు కాబట్టి తెరిచిన ఆకాశంలో ఎత్తున, వేగంగా పోతూ పురుగుల్ని పడతాయి. కొమ్మల మధ్య తిరగడం వీటి పని కాదు. పగలు అదే గుంబద్ మీద తిరిగే అబాబీల్ రెక్కా ఇలాంటిదే. ఒకటి పరిందా, ఒకటి జాన్వర్. రెండూ ఒకే రకం రోజీ వెతుక్కుంటాయి కాబట్టి రెక్కలు ఒకే తీరుకు వచ్చాయి. మగ్రిబ్ వేళ ఒకటి డ్యూటీ దిగుతుంది, ఒకటి ఎక్కుతుంది.

వీధి లైటు దగ్గరి చిన్నది బరువు తక్కువ, రెక్క పొట్టి. కొద్దిచోటులో మలుపులు తిరగడానికే అది. చింతచెట్టు మీది పెద్దది పండ్ల గబ్బిలం. రెక్కలు చాపితే మీటరు దాటుతుంది, కిలోకు పైగా తూగుతుంది. రాత్రికి పదుల కిలోమీటర్లు పోయి మర్రిపండ్లు, ఇప్పపూలు వెతుక్కుని తెల్లారేసరికి తిరిగొస్తుంది. దానికి గిర్రున తిరిగే పని లేదు, దూరం పోయే పనుంది.

మరి తోక సంగతి? ఈ పెద్ద చమ్గాదడ్‌కు తోకే లేదు. ఇబ్నె ఫిర్నాస్ నడుము విరగ్గొట్టుకున్న చోట ఇది ఎలా నెగ్గుకొస్తోంది? జవాబు దాని చేతిలో ఉంది. అక్షరాలా చేతిలోనే. పరిందా రెక్కలో వేళ్ళు కలిసిపోయి ఈకలు పని చేస్తాయి. చమ్గాదడ్ రెక్క అంటే వేళ్ళు సాగిన చెయ్యి. బొటనవేలు విడిగా పైన కొక్కెంలా ఉంటుంది, మిగతా నాలుగు వేళ్ళ నడుమ తోలు పొర. మన చెయ్యికున్న కీళ్ళే దానికీ. కాబట్టి ఎగురుతూ ఎగురుతూనే రెక్క ఆకారం మార్చుకోగలదు. పైకి ఎత్తేటప్పుడు రెక్క ముడిచి ఖర్చు తగ్గించుకుంటుంది. పొరలో సన్నటి కండరాలున్నాయి, అవి పొరను బిగిస్తాయి. పొర మీది నూగు వెంట్రుకలు గాలి పోకడను కనిపెడతాయి. కప్పుకు తలకిందులుగా దిగాలంటే ఒంటిని గాల్లోనే పల్టీ కొట్టించాలి. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో దీని కిటుకు చూపించారు. ఒంటితో పోలిస్తే చమ్గాదడ్ రెక్కలు బరువైనవి. ఒక రెక్కను కొద్దిగా ముడిచి, రెండోదాన్ని చాపి ఊపితే ఆ బరువే ఒంటిని తిప్పేస్తుంది.

అదేర్ చేసిన పొరపాటు ఇక్కడ తెలుస్తుంది. అతను చమ్గాదడ్ రెక్క సూరత్ తీసుకున్నాడు. దాని కదలిక తీసుకోలేకపోయాడు. లిలియన్‌థాల్ ఒళ్ళు ఊపి రెక్కను తిప్పాలనుకున్నాడు. చమ్గాదడ్ రెక్క ఊపి ఒంటిని తిప్పుతుంది.

*

ఈ కథలో మన దేశపు పేరొకటి ఉంది. సలీం అలీ. బొంబాయి ముస్లిం కుటుంబంలో 1896లో పుట్టి, హిందుస్తాన్ పరిందాల చదువుకే జిందగీ ఇచ్చినవాడు. మన హైదరాబాద్ రియాసత్‌లో 1931-32లో నిజాం సర్కార్ సాయంతో పక్షుల సర్వే చేసింది ఆయనే. పరిందాల సలీం అలీ పేరు ఒక చమ్గాదడ్‌కూ ఉందని చాలామందికి తెలియదు. 1948లో తమిళనాడులో మదురై వైపు కొండల్లో దొరికిన ఒక పండ్ల గబ్బిలాన్ని మామూలు జాతిగా రాసి బొంబాయి మ్యూజియంలో పెట్టారు. 1972లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్త కిట్టి తోంగ్‌లోంగ్యా దాన్ని చూసి, ఇది ఎవరికీ తెలియని జాతి అని గుర్తుపట్టి సలీం అలీ పేరు పెట్టాడు. పేరు తప్పు పడి ఇరవై నాలుగేళ్ళు పెట్టెలో ఉందది. అదే 1972లో వచ్చిన వన్యప్రాణి చట్టం పండ్ల గబ్బిలాల్ని ఎలుకలతో పాటు 'హాని చేసే జీవాల' జాబితాలో పెట్టింది. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. యాభై ఏళ్ళు పట్టింది.

డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు జాషువా 'గబ్బిలం' మాకు పాఠం. 1941లో వచ్చిన కావ్యం. గుడిలోకి రానివ్వని దళితుడు, గుడిలోనే వేలాడే గబ్బిలాన్ని ఖాసిద్‌గా పంపిస్తాడు, తన గోడు శివుడి చెవిన వేయమని. ఫిర్దౌసీ మీద కావ్యం రాసిన జాషువా కూడా ఆయనే కాబట్టి నాకు ముందునుంచీ మహబ్బత్. అందరూ నహూసత్ అన్నదాన్ని నమ్మి ఆయన కబురు పంపాడు. నేను పత్రికవాణ్ణయి ఉండీ దాని మీదే కబురు రాసి చెట్టు కొట్టించాను. కమిటీ మీటింగ్‌కు పోయే ముందు రాత్రి ఇది నన్ను నిద్రపోనివ్వలేదు.

*

మీటింగ్‌లో నేను పెద్ద తక్రీర్ ఇవ్వలేదు. మొదట ఆ రోజు వార్త సగమే రాశానని అందరి ముందూ ఒప్పుకున్నాను. తర్వాత తెలిసింది చెప్పాను. పండ్ల గబ్బిలాల్లో నిపా వైరస్ ఉండటం నిజమే, దాచను. దాని ఇలాజ్ చెట్టు కొట్టడం కాదు. అవి కొరికి పడేసిన పండు తినకూడదు, పిల్లల్ని తిననివ్వకూడదు. పండ్లు కడిగి తినాలి. చచ్చిపడ్డదాన్ని ఒట్టి చేత్తో ముట్టకూడదు. చెట్టు కొడితే అవి చావవు, చెదిరి ఇళ్ళ దగ్గరి చెట్లకు చేరతాయి. ఒకసారి మనం చూశాం కూడా. మర్రి, ఇప్ప లాంటి చెట్ల గింజలు, పుప్పొడి మోసేవి ఇవే. చిన్నవి దోమల్ని తింటాయి.

ఒక పెద్దాయన లేచి, "మౌలానా జాహిజ్ సంగతి సరే మియాఁ, వజూ హౌజ్‌లో రెట్ట పడుతోంది, పాకీజగీ సంగతేంటి?" అన్నారు. అది సరైన సవాలే. నా దగ్గర జవాబు లేదు. వెల్డింగ్ షాపు నడిపే కుర్రవాడు లేచి, హౌజ్ మీద రేకు కప్పు తాను వేస్తానన్నాడు, రేకు డబ్బులు కమిటీ ఇస్తే చాలన్నాడు. ముతవల్లీ సాబ్ కాసేపు ఆలోచించి చెట్టు మాట పక్కన పెట్టారు. ఫిల్హాల్ అన్నారు. ఫిల్హాల్ అంటే ఫిల్హాలే. వచ్చే ఏడు ఎక్కడైనా జబ్బు పేరు వినబడితే మళ్ళీ మాట వస్తుంది. అందుకే ఇదంతా రాసి పెడుతున్నాను, మీ ఊళ్ళోనూ ఇలాంటి మీటింగ్ జరిగితే పనికొస్తుందని.

మా పత్రికకు రెండో వార్త పంపాను. జిల్లా పేజీలో అడుగున, ఫోటో లేకుండా వచ్చింది. మొదటిది ఫోటోతో వచ్చింది.

పోయిన జుమ్మాకు మా అమ్మాయి నోట్‌బుక్ తెచ్చుకుంది. మూడు రకాల రెక్కలూ గీసి కింద ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి పేర్లు రాసుకుంది. గుంబద్ వాటికి ఉర్దూలో ఏం పేరు అని అడిగింది. నాకు తెలిసిన పేరేదీ లేదు. "నువ్వే పెట్టు బేటా" అన్నాను. కాసేపు పెన్సిల్ కొరికి 'రాత్ కీ అబాబీల్' అని రాసింది. అప్పటికి మగ్రిబ్ అజాన్ మొదలైంది. బండి స్టార్ట్ చేశాను.

ఖుదా హాఫిజ్.